సమస్యాపూరణం: చచ్చినట్టి వాఁడె చంపె నరిని

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది పద్యం నాలుగో పాదం. మిగతా మూడు పాదాలు రాసి దీనికి అర్థం కుదర్చాలి.

చచ్చినట్టి వాఁడె చంపె నరిని

పురాణాల జోలికి వెళ్లవద్దు. హ్యారీ పోటర్ ఏడు నవలల కథలో దుష్ట మాంత్రికుడు వోల్డెమార్ట్ ఓటమికే అన్వయించాలి.

మొదటి పూరణ:

అడవిఁ గూలి లేచి యా హ్యారి వచ్చెను
మంత్రదండ మెత్తి మట్టుపెట్టెఁ
బేరుఁ బలుక జనులు బెదరెడి దుష్టుని
చచ్చినట్టి వాఁడె చంపె నరిని

నిర్వాహకుడు: మాస్టారూ, మూడో పాదం ఎంత బాగుందో! వాడి పేరెత్తడానికే జనం వణకడం కథకు ప్రాణం. యతి (పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ కుదరాల్సిన మైత్రి) కూడా హాయిగా పడింది. కానీ "మట్టుపెట్టె" అన్నాక మళ్లీ "చంపె" పునరుక్తి. అంతకంటే పెద్ద చిక్కు కథలోనే ఉంది. తెల్లవారుతుండగా హాగ్వార్ట్స్ మంత్రవిద్యల బడి పెద్ద హాలులో హ్యారీ వేసింది ఎదుటివాడి చేతిలోని దండాన్ని ఎగరగొట్టే మంత్రం మాత్రమే. చంపే మంత్రం వోల్డెమార్ట్‌ది, అది వాడికే ఎదురు తిరిగింది.

రెండవ పూరణ:

చిలుకలోన నుసురు చేర్చినట్టుగ దాఁప
ముక్కలయ్యె నాత్మ ముష్కరునకు
అందు నొకటి బాలునందుండఁ జంపెను
చచ్చినట్టి వాఁడె చంపె నరిని

ఒక సభ్యుడు: మూడో పాదంలో అం-నం యతి చెల్లుతుందా?

నిర్వాహకుడు: చెల్లుతుంది. "బాలుని అందు" అని విడదీస్తే అకారం బయటపడుతుంది. అమ్మా, మాయల ఫకీరు చిలుకను తెచ్చి మన ఇంటి కథ చేశారు! వోల్డెమార్ట్ తన ఆత్మ ముక్కలను దాచిన డైరీ, ఉంగరం, లాకెట్, కప్పు, కిరీటం, పాము ఇతరుల చేతుల్లో నాశనమయ్యాయి. తనకు తెలియకుండా హ్యారీలో మిగిలిన ముక్కను మాత్రం అడవిలో వాడే చంపుకున్నాడు. ఈ సంగతి పట్టుకున్నందుకు మీకు నమస్కారం. అయితే నాలుగో పాదానికి వచ్చేసరికి శత్రువును చంపింది మళ్లీ హ్యారీయే అయ్యాడు.

మూడవ పూరణ:

చావు భయము చేతఁ జంపి చంపి తనకు
తానె యరిగ మారెఁ దనదు మంత్ర
మెదురు తిరిగి తాఁక నిలఁ గూలెఁ గద యిట్లు
చచ్చినట్టి వాఁడె చంపె నరిని

నిర్వాహకుడు: ఇదీ పూరణ! మేమంతా చచ్చినవాడంటే అడవిలో వోల్డెమార్ట్ మంత్రానికి కూలి తిరిగొచ్చిన హ్యారీ అనుకున్నాం. మీరు ఆ మాటను వోల్డెమార్ట్‌కే కట్టారు. చచ్చినవాడూ వాడే, చంపినవాడూ వాడే, వాడి అరీ వాడే. ఒక్క అక్షరం కదపకుండా అర్థం తిరగబడింది. చదివి పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను.

రెండవ పూరణ రాసినవారు: నాదొక కొరత. మంత్రం ఎందుకు ఎదురు తిరిగిందో పద్యంలో లేదు. వోల్డెమార్ట్ చేతిలోని ఎల్డర్ దండం హాగ్వార్ట్స్ ప్రధానోపాధ్యాయుడు డంబుల్‌డోర్ నుంచి అక్కడి విద్యార్థి డ్రాకోకు, డ్రాకో దండం లాక్కున్న హ్యారీకి చెందింది. యజమానిని అది చంపదు.

మూడవ పూరణ రాసినవారు: నిజమేనండీ. నాలుగు పాదాల్లో దండం చరిత్ర పట్టలేదు, భయాన్నే ఎంచుకున్నాను. పశ్చాత్తాపపడమని హ్యారీ చివరిదాకా అడగడం కూడా వదిలేయాల్సి వచ్చింది, ఆ బాధ నాకు ఎక్కువగా ఉంది. అంతటివాడు చివరికి మామూలు మనిషిలాగే నేల మీద పడ్డాడు కదా, అందుకే "ఇలఁ గూలె" అని తేలిక మాట వాడాను.

మొదటి పూరణ రాసినవారు: నేను మూడో పాదం ఒక్కటే ఉంచుకొని మిగతాది తిరగరాస్తాను. గడువు ఎప్పటిదాకా?

నిర్వాహకుడు: ఆదివారం రాత్రి దాకా ఉంది, మాస్టారూ. ఆ పశ్చాత్తాపం మాట మీరు తీసుకోండి.