అప్‌డేట్: ఆదివారం గ్రూప్ రైడ్‌కి వెళ్లొచ్చాను

గేర్లు లేని సైకిల్‌తో, ఈ చలిలో, హైదరాబాద్‌లో ఒక సైక్లింగ్ క్లబ్ వాళ్ల సోషల్ రైడ్‌కి (పోటీ లేకుండా సరదాగా కలిసి తొక్కేది) వెళ్తే వెనకబడిపోతానేమో అని పోయిన వారం అడిగాను కదా. వెళ్లాను. ధైర్యం చెప్పిన అందరికీ చాలా థాంక్స్.

పొద్దున ఆరింటికి నార్సింగి దగ్గర కలిశాం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన, పైన సోలార్ ప్యానెళ్ల కప్పున్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా, దాని మీద కొల్లూరు వైపు వెళ్లాం. పైన ప్యానెళ్లున్నా పక్కల నుంచి చలిగాలి కొడుతూనే ఉంది. "స్వెటర్ వద్దు, పల్చటివి రెండు వేసుకోండి" అని మీరిచ్చిన సలహా బాగా పనికొచ్చింది. పావుగంటకే పైది తీసి నడుముకు కట్టుకున్నాను. గ్లౌజులు మాత్రం ఉండాల్సింది. వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు మీద పట్టు దొరకలేదు.

వెనకబడ్డాను, నిజమే. కానీ అందరికన్నా చివర రావడానికే ఒక అక్క ఉన్నారు. నా చైన్ ఊడితే ఆగి, వంగి, చైన్‌ను చక్రం పళ్లకు తగిలించి, పెడల్ మెల్లగా నా చేతే తిప్పించారు. చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ "ఇంకేం టెన్షన్ లేదు, పద" అన్నారు. ఆ మాటతో నిజంగానే భయం పోయింది. తిరిగొచ్చేసరికి ముందువాళ్లు టీ కొట్టు దగ్గర మా కోసం ఆగే ఉన్నారు.

వచ్చే ఆదివారం తమ్ముణ్ని కూడా తీసుకెళ్తున్నాను. వాడికి హెల్మెట్ కొనాలి.