ఇరాన్ పారశీకం నేర్చుకుని తజికిస్తాన్ వెళితే మాట సాగుతుందా?

ప్రశ్న

ఏడాదిన్నరగా పారశీక భాష నేర్చుకుంటున్నాను. పాఠాలన్నీ టెహ్రాన్ ఉచ్చారణలోనే జరిగాయి, చదవడమూ రాయడమూ అరబ్బీ లిపిలోనే అలవాటయింది. వచ్చే వేసవిలో మూడు వారాలు తజికిస్తాన్‌లో గడపాలని, దుషాంబేలో కొన్నాళ్లుండి ఆ తరువాత పామీర్ కొండలకు వెళ్లాలని అనుకుంటున్నాను. నా మాట అక్కడివారికి అర్థమవుతుందా? ఎవరైనా ఇంటికి భోజనానికి పిలిస్తే తెలియక ఏమి పొరపాటు చేస్తానోనన్న భయం కూడా ఉంది.

జవాబు 1

మీ మాట వారికి అర్థమవుతుంది, వారి మాట మీ చెవికి పట్టడానికే కొన్ని రోజులు పడుతుంది. తజికీ కూడా పారశీకమే అయినా, టెహ్రాన్‌లో దీర్ఘంగా ‘ఆ’ అనే చోట అక్కడ ‘ఓ’ వినిపిస్తుంది. బాజార్ బోజోర్ అవుతుంది, చాయ్ చోయ్ అవుతుంది. ధన్యవాదాలు చెప్పడానికి ఇరాన్‌లో ‘మెర్సీ’ అనే చోట అక్కడ ‘రహ్మత్’ అంటారు.

అసలు చిక్కు లిపితోనే. సోవియట్ కాలంలో తజికీని మొదట లాటిన్ లిపికి, 1940లో రష్యన్ రాసే సిరిలిక్ లిపికి మార్చారు కాబట్టి, మీరు కష్టపడి నేర్చుకున్న అక్షరాలు దుకాణాల బోర్డుల మీద దాదాపు కనబడవు. బయలుదేరే ముందు ఒక వారం సిరిలిక్‌కు కేటాయించండి. అక్షరాలు పట్టుబడ్డాక బోర్డు మీది మాటను పైకి చదివితే చాలు, చాలాసార్లు అది మీకు తెలిసిన మాటే అయి ఉంటుంది. దుషాంబే అంటేనే సోమవారం కదా! సోమవారపు సంత జరిగే ఊరే పెరిగి రాజధాని అయింది. నడుమ 1929 నుంచి 1961 వరకు దానిని స్తాలినాబాద్ అన్నారు. సంత పేరే నయమని నా అభిప్రాయం.

జవాబు 2

పై జవాబుకు నా అనుభవం ఒకటి చేరుస్తాను. చోయ్‌ఖోనాలో, అంటే టీ దుకాణంలో, నేను పుస్తకంలో చదివినట్టు ‘చాయె సబ్జ్’ అడిగితే, వడ్డించే కుర్రవాడు ‘కబూద్?’ అని ఎదురడిగాడు. కబూద్ అంటే నీలం అని నేర్చుకున్న నేను నీలిరంగు తేనీరు వస్తుందేమోనని ఎదురు చూశాను. వచ్చింది మామూలు గ్రీన్ టీ. అక్కడ దాని పేరే అది.

ఇక భోజనం సంగతి. దస్తర్‌ఖోన్ (భోజనానికి పరిచే గుడ్డ) పరిచాక రొట్టె తెస్తారు. దానిని బోర్లా పెట్టకూడదు, నేల మీద అసలే పెట్టకూడదు. ఇంటాయన టీని పిడి లేని చిన్న గిన్నెలోకి వంచి తిరిగి కూజాలోనే పోస్తాడు, ఇలా మూడుసార్లు చేస్తాడు. ఆ తరువాత మీకు ఇచ్చే గిన్నెలో సగమైనా ఉండదు. మొదటిసారి నేను దానిని పిసినారితనం అనుకున్నాను. కొద్దికొద్దిగా పోస్తే మళ్లీ మళ్లీ పోసి మర్యాద చేయవచ్చు, టీ వేడిగానూ ఉంటుంది. గిన్నె నిండా పోశారంటేనే ఇక లేవవచ్చునన్న సూచన. కురుతోబ్ పెడితే మాత్రం మొహమాటపడకండి. పొరలు పొరలుగా ఉండే రొట్టె ముక్కల మీద, ఎండబెట్టిన పెరుగు ఉండలను నీళ్లలో కరిగించి పోసి, పైన వేయించిన ఉల్లిపాయలు చల్లి, పెద్ద కొయ్య పళ్లెంలో అందరి నడుమా పెడతారు. అందరూ అందులోనే చేత్తో తింటారు.

జవాబు 3

పామీర్ వైపు వెళుతున్నారు కాబట్టి ఒక్క మాట. పామీర్ ప్రాంతపు ముఖ్య పట్టణం ఖోరోగ్ చేరాక వీధిలో మీకు వినిపించేది తజికీ కాదు, షుగ్నీ. అదీ ఇరానీ కుటుంబపు భాషే అయినా మీ పారశీకంతో అందులో ఒక్క వాక్యం కూడా పట్టుకోలేరు. అయితే తజికీ అక్కడి బడుల్లో నేర్పుతారు గనుక మీ పని ఆగదు. అక్కడి సంప్రదాయపు ఇంట్లో తప్పక ఒక రాత్రి ఉండండి: అయిదు స్తంభాలు, నడికప్పులో ఒకదానిలో ఒకటి ఇమిడిన నాలుగు చదరాల వెలుతురు కిటికీ. ఆ ప్రాంతానికి వీసాతో పాటు విడిగా అనుమతిపత్రం కావాలి. దానిని ముందే తీసుకోండి. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడేలా ఖోరోగ్‌లో ఒకటి రెండు రోజులు ఆగకుండా ముర్గాబ్ అనే ఊరు దాటి ఉత్తరానికి పోవద్దు, ఎందుకంటే ఆ దారిలోని అక్‌బైతాల్ కనుమ 4,655 మీటర్ల ఎత్తున ఉంది.