47 ఏళ్ళావిడకీ 19 ఏళ్ళ అమ్మాయికీ ఒకే బెల్లీ డాన్స్ సోలో నేర్పొచ్చా?

చంద్రహారం (హైదరాబాద్):

నమస్కారం అండీ. ఈజిప్షియన్ స్టైల్ బెల్లీ డాన్స్ బ్యాచ్ గురించి సలహా కావాలి. ఫ్యూజన్ కాదు, రక్స్ షర్కీయే (ఈజిప్టు వేదికల మీద ఆడే సంప్రదాయ రూపం). బ్యాచ్‌లో 19 ఏళ్ళ అమ్మాయి ఉంది, 47 ఏళ్ళావిడ ఉన్నారు. ఆవిడకి ముందు కూచిపూడి వచ్చు. ఇద్దరికీ రెండేళ్ళ సాధన ఉంది. ఐదు నిమిషాల సోలో ఇద్దరికీ ఒకటే ఇచ్చాను: ఎంట్రీ, అకార్డియన్ తక్సీమ్ (ఒక్క వాయిద్యం అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే భాగం), బలదీ (ఈజిప్టు జనం బాణీ), చివర డ్రమ్ సోలో (డోలు ఒక్కటే వాయిస్తుంటే ఆడేది). అమ్మాయి స్టెప్పులన్నీ శుభ్రంగా వేస్తుంది, తక్సీమ్ దగ్గర మాత్రం వెలితిగా ఉంటుంది. ఆవిడ తక్సీమ్ చూడముచ్చటగా ఉంటుంది, డ్రమ్ సోలోకి వచ్చేసరికి షిమ్మీ (తుంటిని వేగంగా అదిరించడం) చచ్చుబడిపోతుంది, మోకాళ్ళ ముందు భాగంలో నొప్పి అంటున్నారు. "వయసొస్తేగానీ ఈ నాట్యం పండదు" అంటారు కదా, ఆ పండేది ఏమిటి? దాన్ని చిన్నవాళ్ళకి నేర్పే దారి ఉందా? ఆవిడకి ఏం మార్చాలి?

తబ్లాచెవి:

ఆ మాటని సగమే నమ్మండి. 1945లో పుట్టిన ఈజిప్టు నర్తకి సొహీర్ జకీ, అక్కడి మహాగాయని ఉమ్ కుల్సూమ్ పాటలకి ఆడి పేరు తెచ్చుకుంది ముప్పై నిండకముందే. ఆమెకి ఉన్నది వయసు కాదు, వినికిడి. నెలనెలా మొదటి గురువారం రాత్రి ఉమ్ కుల్సూమ్ కచేరీ రేడియోలో వస్తుంటే ఈజిప్టు ఈజిప్టంతా కూర్చుని వినేది. ఆ ఊళ్ళలో పెరిగిన పిల్లకి పల్లవి ఎప్పుడు తిరిగొస్తుందో, గాయని ఏ మాట దగ్గర సాగదీస్తుందో ఒకరు చెప్పక్కర్లేదు. మన దగ్గర ఇరవైలో చేరినవాళ్ళకైనా, నలభై అయిదులో చేరినవాళ్ళకైనా ఆ చెవి మొదటినుంచీ పెంచుకోవాల్సిందే. యాభై ఏళ్ళ కొత్త విద్యార్థినిలో పరిణతి తనంతట తానే ఉంటుందనుకోవడం మర్యాద కోసం చెప్పే మాట. ఆవిడకి జీవితం తెలిసుండొచ్చు, మక్సూమ్ తాళం తెలియదు.

మీ అమ్మాయి తక్సీమ్ వెలితిగా ఉండడానికి కారణం నా అంచనాలో ఒకటే: ఎక్కువ చేస్తోంది. అకార్డియన్ తక్సీమ్‌లో తాళం ఉండదు. ఎనిమిది అంకెల లెక్క మీద నేర్చుకున్న పిల్ల లోపల అదే లెక్క పెట్టుకుంటూ ప్రతి అంకెకీ ఒక కదలిక పెడుతుంది. సంగీతం ఒక దారిన, నడుము ఒక దారిన పోతాయి. మొదటి వారం అసలు కదలనివ్వకండి. పాట పెట్టి, వాయించేవాడు వాక్యం ముగించిన ప్రతిచోటా చెయ్యెత్తమనండి. అది తప్పకుండా వస్తున్నాక మూడే కదలికలివ్వండి: నెమ్మదిగా నడుము చక్రం, తుంటితో గీసే నిలువు ఎనిమిది, ఛాతీ నుంచి పొట్టకి దిగే అల. వాక్యానికి ఒక్కటే. వాక్యం అయిపోయాక ఆగాలి.

ఆగడంలోనే తప్పులన్నీ జరుగుతాయి. ఆగగానే రెండు కాళ్ళ మీద బరువు సమంగా పెట్టేస్తే స్టెప్పు మర్చిపోయి నిలబడినట్టు ఉంటుంది. బరువు ఒకే కాలి మీద ఉండాలి, పక్కటెముకలు పైకి లేచి ఉండాలి, ఊపిరి వదలాలి, చూపు తన తుంటి మీదో వాయిద్యం మీదో ఉండాలి. అప్పుడా విరామం నాట్యంలో భాగం అవుతుంది. పెద్దవాళ్ళు దీన్ని తొందరగా పట్టుకుంటారు. వాళ్ళు జనం ముందు ఊరికే నిలబడడానికి అంతగా భయపడరు. ఇరవైలో ఉన్నవాళ్ళకి నాలుగు సెకన్లు ఖాళీగా ఉండమంటే ప్రాణం పోయినట్టుంటుంది. "పండడం" అని జనం అనేది చాలావరకు ఇదే. ఇది నేర్పదగ్గ విషయమే.

తక్సీమ్ తర్వాత అకార్డియన్ ఒక ముక్క అడుగుతుంది, తబ్లా జవాబిస్తుంది. (ఈ తబ్లా మన తబలా కాదు, చంకలో పెట్టుకుని వాయించే సన్న నడుము డోలు.) తుంటి దెబ్బ జవాబుకే పడాలి, ప్రశ్నకి కాదు. ఆ తర్వాత మక్సూమ్ స్థిరపడుతుంది: దుమ్ తక్ – తక్ దుమ్ – తక్ – (దుమ్ బరువు దెబ్బ, తక్ తేలిక దెబ్బ, గీత అంటే ఖాళీ). చిన్నవాళ్ళు అయిదు దెబ్బలకీ అయిదుసార్లు తుంటి కొడతారు. రెండు దుమ్‌లకే నడుము బరువుగా దించి, తక్‌లని చేతులకో, అసలు ఎవరికీ కాకుండానో వదిలేయమనండి. ఒక్క రోజులో తేడా కనిపిస్తుంది.

కూచిపూడి వచ్చినావిడ విషయంలో ఒక జాగ్రత్త. అభినయం తెలిసినవాళ్ళు పాటలో "హృదయం" అనగానే హస్తం గుండె మీదికి తెస్తారు, "రాత్రి" అంటే కళ్ళు మూస్తారు. మాటమాటకీ అర్థం పట్టడం కూచిపూడి పదానికి బాగుంటుంది, ఇక్కడ బరువైపోతుంది. రక్స్ షర్కీలో నర్తకి పాత్ర కాదు, పాట వింటున్న మనిషి. ముఖం విన్నదానికి స్పందిస్తే చాలు. అలాగని అర్థం తెలియకుండా ఆడకూడదు. ఇద్దరిచేతా అరబిక్ సాహిత్యం పంక్తి పంక్తికీ తెలుగులో రాయించండి. సబా మకామ్ (మకామ్ అంటే మన రాగం లాంటిది) దుఃఖానిది. దానిలో సాగే తక్సీమ్‌కి పళ్ళు కనిపించేలా నవ్వుతున్నారంటే వినలేదనే లెక్క.

పాత తరం ఈజిప్టు నర్తకి తహియా కారియోకా చిన్న చోటులో నిలబడి ఆడేది. సర్కస్ కుటుంబంలో పుట్టిన నయీమా ఆకెఫ్‌ది విన్యాసాల ఒళ్ళు. ఇద్దర్నీ కైరో నెత్తిన పెట్టుకుంది. కాబట్టి అమ్మాయి చురుకుదనాన్ని అణచకండి. ఎంట్రీలో వేదికంతా తిరగనివ్వండి, తక్సీమ్‌లో మాత్రం ఒక చదరపు మీటరు దాటనివ్వకండి.

మోకాలిచిప్ప (ఫిజియోథెరపీ):

మోకాలి నొప్పి గురించి. చూడకుండా రోగం చెప్పలేను గానీ, కూచిపూడి నుంచి వచ్చినవాళ్ళలో మొదట చూడాల్సింది అరమండి అలవాటు. షిమ్మీ అనగానే తెలియకుండానే పాదాలు పక్కలకి తిప్పి లోతుగా కూర్చుంటారు. మోకాలు ఎంత వంగితే చిప్ప వెనక ఒత్తిడి అంత పెరుగుతుంది. ఆ లోతులోనే వేగంగా ఆడిస్తే నొప్పి రాక ఏమవుతుంది? పాదాలు సమాంతరంగా, తుంటి వెడల్పులో పెట్టించండి. మోకాళ్ళు బిగియకుండా ఉంటే చాలు, కూర్చోనక్కర్లేదు. ఒక మోకాలు సాగుతుంటే ఇంకోటి వంగుతుంది, ప్రయాణం రెండు మూడు సెంటీమీటర్లే. మోకాలిని వెనక్కి కొట్టి బిగించడం ఇంకో తప్పు, అది వెన్ను దిగువకి తగులుతుంది.

షిమ్మీ చచ్చుబడడానికి వయసు కంటే ఊపిరి బిగబట్టడం పెద్ద కారణం. మెట్రొనోమ్ 40 మీద పెట్టి బీటుకి నాలుగు షిమ్మీలు, రెండు నిమిషాలు చేయించండి. ఒక నిమిషం విశ్రాంతి. ఇలా మూడు విడతలు, వారానికి మూడు రోజులు. చేస్తూ మామూలుగా మాట్లాడగలగాలి, భుజాలు కదలకూడదు. అప్పుడే 4 పెంచండి. 60కి చేరితే చాలు. 60లో బీటుకి నాలుగంటే 120లో బీటుకి రెండు, డ్రమ్ సోలోకి సరిపోయే వేగమే. నలభై దాటాక కండ బలం పెరగదని కాదు, కోలుకోడానికి సమయం ఎక్కువ పడుతుంది. వరసగా రెండు రోజులు గట్టి డ్రిల్లు పెట్టకండి. వార్మప్ 10 నిమిషాలు కాదు, 15 నుంచి 20 ఉండాలి. పిక్కలు, మడమ వెనక స్నాయువు (టెండన్) ప్రత్యేకంగా చూసుకోవాలి, సగం నాట్యం మునివేళ్ళ మీదే కదా.

గ్రానైటు నేల మీద వట్టికాళ్ళతో గంట చేయించొద్దు. మడమ నొప్పికి అదే దగ్గరి దారి. చెక్క నేల దొరక్కపోతే మెత్తటి అడుగున్న డాన్స్ చెప్పులు వేసుకోమనండి.

బీపీ ఉన్నవాళ్ళకి పొట్ట ఫ్లటర్ (పొట్టని వేగంగా అదిరించడం) నేర్పేటప్పుడు జాగ్రత్త. ఊపిరి పట్టి పొట్ట బిగిస్తే ఆ క్షణానికి బీపీ ఎగబాకుతుంది. ఎనిమిది లెక్కపెట్టేదాకా చేసి ఊపిరి వదిలేయాలి, ముప్పై దాకా పందేలు వద్దు. ముట్లు ఆగిపోయే వయసులో ఎముక సాంద్రత తగ్గుతుంది. వెనక్కి పడిపోయే టర్కిష్ డ్రాప్, మోకాళ్ళ మీద ధనాలున దిగడం పూర్తిగా తీసేయండి. వెనక్కి వంగేటప్పుడు వీపు పై భాగం నుంచి వంగాలి, నడుం దగ్గర మడత పడకూడదు, తల వేలాడకూడదు. గెంతులకి మూత్రం కొద్దిగా జారుతోందని చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు. మీరే అడగండి. కటి కండరాల వ్యాయామంతో చాలావరకు తగ్గే సమస్య అది. ఈలోగా గెంతు ఉన్నచోట మడమ తాకించే అడుగు వేయించండి.

ఇక 19 ఏళ్ళ అమ్మాయికి ఏమీ కాదని ధీమాగా ఉండకండి. పెరిగే వయసు పిల్లల్లో, ఇరవై ఏళ్ళ లోపువాళ్ళలో పదేపదే వెనక్కి వంగడం వల్ల నడుం వెన్నుపూసలో సన్నని పగులు రావచ్చు. వెనక్కి వంగినప్పుడు నడుంలో ఒక పక్కే నొప్పి, రెండు వారాలైనా తగ్గడం లేదంటే డ్రిల్లు ఆపి ఎముకల డాక్టరుకి చూపించాలి. నూనె రాసి సర్దుకుపోయే నొప్పి కాదది.

సయిదీకర్ర:

పై ఇద్దరూ వదిలేసిన సంగతి, దుస్తులు. చిన్న కదలికని పెద్దగా చూపించేది కుచ్చు. బెల్టుకి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల పూసల కుచ్చులుంటే రెండు సెంటీమీటర్ల షిమ్మీ కూడా వెనక వరసకి కనిపిస్తుంది. నాణేల బెల్టుకి ఆ సౌకర్యం లేదు, పైగా షిమ్మీలో లయ తప్పితే అందరికీ వినిపిస్తుంది. బెల్టు బొడ్డుకి నాలుగు వేళ్ళ కింద కూర్చోవాలి. బిగుతుగా కట్టి పొట్ట పైకి పొంగితే కదలిక అక్కడే చచ్చిపోతుంది. అందుకే వెనక హుక్కులు అంగుళం ఎడంతో రెండు వరసలు పెట్టించండి. పొట్ట కనిపించడం ఇష్టం లేకపోతే ఒంటి రంగు వలగుడ్డ ఉంది, కైరోలో స్టేజీ మీద అది మామూలే. అంతకన్నా మేలు, బలదీ భాగానికి నిండు గలాబియా (కాళ్ళదాకా ఉండే వదులు అంగీ) వేసి తుంటికి స్కార్ఫ్ కట్టండి. 1953లో పుట్టిన ఈజిప్టు నర్తకి ఫిఫి అబ్దూకి అది గుర్తింపు గుర్తులాంటిది. ఆ దుస్తుల్లో తుంటి బరువు ఇంకా బాగా తెలుస్తుంది. "ఈ వయసులో ఆ డ్రెస్సా" అనే చుట్టాల నోళ్ళు మూయించడం మాత్రం ఏ దర్జీ వల్లా కాదు.

పద్దెనిమిది లోపు పిల్లలు చేరితే వాళ్ళకి తక్సీమూ, ప్రేమ పాటలూ ఇవ్వకండి. కర్రతో ఆడే దక్షిణ ఈజిప్టు జానపదం సయిదీ ఇవ్వండి, దాని తాళం: దుమ్ తక్ – దుమ్ దుమ్ – తక్ –. మధ్యలో రెండు దుమ్‌లు పక్కపక్కన పడతాయి కాబట్టి కొత్తవాళ్ళ చెవికీ దొరుకుతుంది. 1959లో ఈజిప్టులో మహమూద్ రెదా నాట్య బృందం మొదలైనప్పటినుంచి జానపదం వేదిక మీద ఆడే తీరు స్థిరపడింది. వరసలు, నడకలు, దూకుళ్ళు అన్నీ ఉంటాయి, కుర్రవయసుకి సరిగ్గా సరిపోతాయి.

చంద్రహారం:

చాలా ధన్యవాదాలండీ. అరమండి మాట నిజమే, ఆవిడ వీడియో చూస్తే పాదాలు రెండూ పక్కలకే ఉన్నాయి. ఇంకొక్కటి: ఆవిడకి డ్రమ్ సోలో పూర్తిగా తీసేసి తక్సీమ్ మీదే ముగించొచ్చా?

తబ్లాచెవి:

తీసేయకండి. తక్సీమ్ మీద ముగిస్తే పాట మధ్యలో కరెంటు పోయినట్టుంటుంది, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో జనానికి తెలియదు. డ్రమ్ సోలోని 45 సెకన్లకి తగ్గించండి. విడివిడి దెబ్బలు ఎక్కువ, రోలింగ్ (ఆగకుండా దొర్లే వరస దెబ్బలు) తక్కువ ఉన్న ట్రాక్ ఎంచుకోండి. విడి దెబ్బకి ఒక తుంటి, ఒక భుజం, ఒక ఆగడం. ఆవిడ నేర్పు అక్కడ అక్కరకొస్తుంది. రోలింగ్ వచ్చినచోట నాలుగు బీట్లు షిమ్మీ, తర్వాత నాలుగు బీట్లు చేతులు మాత్రమే, మోకాళ్ళకి ఊపిరి దొరుకుతుంది. మిగిలిన సమయాన్ని బలదీకి కలపండి. ట్రాక్ కోసేటప్పుడు నాలుగు తాళాల వాక్యం పూర్తయ్యాకే కోయండి. మధ్యలో కోస్తే ఆవిడ చెవి దాన్ని పట్టేస్తుంది, ప్రతిసారీ అక్కడే తడబడతారు.