అప్‌డేట్: ఆజానుబాహుడికి బండి దొరికింది

ఆరడుగుల మూడంగుళాల ఎత్తు, 115 కిలోల బరువు, నడపడం కొత్త. ఏ బైకు కొనాలని అడిగాను కదా, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తీసుకున్నాను. ఎక్కువమంది చెప్పిన, అదే కంపెనీ మీటియోర్ సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లే. ఎక్కితే మోకాళ్లు ట్యాంకును దాటి పైకొచ్చాయి. క్లాసిక్‌ది 805. ఆ నాలుగు సెంటీమీటర్లలోనే ఉంది కిటుకంతా!

బండి బరువు 195 కిలోలు. అయినా రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనుతాయి కాబట్టి సిగ్నల్ దగ్గర బెదురు లేదు.

వెనుక షాకబ్జార్బర్ల స్ప్రింగులు బిగించమన్నవారికి దండం. వాటి బిగింపుకు ఆరు మెట్లుంటాయి. మెకానిక్ స్పానర్‌తో స్ప్రింగును బిగించే రింగు (కాలర్) తిప్పి పై మెట్టుకు చేర్చాక, గతుకుల్లో వెనక భాగం కుంగడం తగ్గింది. మా ఆవిడ వెనుక కూర్చున్నా ఫరవాలేదు.

ఇక నా తలకు పట్టే హెల్మెట్ దొరకాలి. ఎవరికైనా తెలుసా?