అప్‌డేట్: రెండో ఎంటీబీ (మౌంటెన్ బైక్, గుట్టబాటల సైకిల్) కొనాలా అని అడిగాను కదా

నా దగ్గర హార్డ్‌టెయిల్ ఉంది, అంటే ముందు ఫోర్క్‌కు మాత్రమే 100 మిల్లీమీటర్ల సస్పెన్షన్, వెనక ఏమీ లేని సైకిల్. నల్లగొండ గుట్టలకు ఫుల్ సస్పెన్షన్ (ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్నది) కూడా తీసుకోవాలా అని అడిగాను. "ముందు టైర్ల సంగతి చూడు" అన్న అన్నకు దండాలు.

టైర్లను ట్యూబ్‌లెస్ చేయించాను, అంటే లోపల ట్యూబ్ తీసేసి చిల్లులు పూడ్చే సీలెంట్ ద్రవం పోయించాను. సర్కారు తుమ్మ ముళ్ల టెన్షన్ దాదాపు పోయింది. మొన్న పానగల్ చెరువు వైపు మట్టిబాటలో ముల్లు పీకితే బుస్సుమని తెల్లటి సీలెంట్ చిమ్మింది, చక్రం కాస్త తిప్పగానే ఆగిపోయింది. రాళ్ల మధ్య ట్యూబ్ నలిగే బాధ లేదు కాబట్టి గాలి కొంచెం తగ్గించి తొక్కుతున్నా. బండల మీద పట్టు బాగా పెరిగింది.

అయినా కోరిక చావలేదు! దోస్తు ఫుల్ సస్పెన్షన్ తీసుకుని లతీఫ్ సాబ్ గుట్ట పక్క బాటలో దిగాను. వెనక చక్రం రాళ్ల మీద ఎగరకుండా నేలను పట్టుకునే ఉంది. ఎక్కేటప్పుడు మాత్రం బరువు తెలిసింది. పైగా వెనక ఫ్రేము కదిలే కీళ్లలోని పివట్ బేరింగులు, వెనక షాక్ సర్వీసు ఖర్చు వేరు, మన దుమ్ములో అవి తొందరగానే పని చెప్తాయి.

చివరికి సెకండ్ హ్యాండ్‌లో 120 మిల్లీమీటర్ల ట్రావెల్ (సస్పెన్షన్ కదిలే దూరం) ఉన్న ఫుల్ సస్పెన్షన్ వెతుకుతున్నా. "మరి ఉన్న సైకిల్ ఏం చేస్తావ్?" అంటున్నారు ఇంట్లో. అమ్మేది లేదు. మీడియం ఫ్రేము ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండన్నా.