మోటర్‌హోమ్‌లో ఎనిమిది నెలలు: జర్మనీ గ్యాస్ బండలు స్పెయిన్‌లో ఖాళీ అయితే ఏమి చేయాలి?

మ్యూనిక్_బాటసారి (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగానికి దీర్ఘకాలపు సెలవు పెట్టి, అక్టోబరు చివర నేను, మా ఆవిడ మోటర్‌హోమ్‌లో బయలుదేరుతున్నాము. ఫ్రాన్స్ మీదుగా స్పెయిన్ దక్షిణ తీరానికి చేరి చలికాలమంతా అక్కడే ఉండి, వసంతంలో ఇటలీ చూసుకుని, వేసవికి నార్వే వెళ్లాలని ఆలోచన. మా వాహనంలో 11 కిలోల బూడిదరంగు ప్రొపేన్ బండలు రెండు పడతాయి. హీటరు ట్రూమా కాంబి 6. ఫ్రిజ్ గ్యాస్‌తోనూ కరెంటుతోనూ నడుస్తుంది. రెండు పూటలా అన్నం, పప్పు, కూర వండుకునే ఇల్లు మాది.

జర్మనీలో ఖాళీ బండ ఇచ్చి నిండు బండ తెచ్చుకోవడం ఎంత సులువో మీకు తెలిసిందే. సరిహద్దు దాటాక వాటిని ఎవరూ మార్చి ఇవ్వరని విన్నాను. ప్రతి దేశంలోనూ అక్కడి బండ కొనుక్కోవాలా, లేక పెట్రోలు బంకుల్లో కార్లకు పోసే ఎల్‌పీజీని నింపుకునే ఏర్పాటు చేయించుకోవాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

ఏలూరు_ఇంజనీరు

ఏర్పాటు మాట తరువాత, ముందు మీకు రోజుకు ఎంత గ్యాస్ కావాలో లెక్క వేసుకోండి. చాలామంది వంట గురించి బెంగపడతారు కానీ, వంటకు అయ్యేది చాలా తక్కువ. మీరు చెప్పిన పద్ధతిలో వండుకున్నా, కుక్కరు వాడితే ఇద్దరికి రోజుకు 200 గ్రాములు దాటడం కష్టం. ఫ్రిజ్ పూర్తిగా గ్యాస్ మీదే నడిస్తే మరో 300 నుంచి 400 గ్రాములు. అసలు ఖర్చంతా హీటరుది. కాంబి 6 పూర్తి శక్తితో మండితే గంటకు 480 గ్రాముల వరకు తాగుతుంది, అంటే నిండు బండ ఒక్క రోజులో ఆవిరైపోతుంది. నిరంతరం అలా మండదు కానీ, గడ్డకట్టే చలిలో ఆల్ప్స్ కొండల్లో బస చేసేవారికి రోజుకు 3 కిలోలు అవడం మామూలే.

స్పెయిన్ దక్షిణ తీరంలో ఆ పరిస్థితి ఉండదు. సాయంత్రాలూ తెల్లవారుజామునా కాసేపు హీటరు వేసుకున్నా, అన్నీ కలిపి రోజుకు కిలో అనుకోండి. రెండు బండలు మూడు వారాలు వస్తాయి. క్యాంప్‌సైట్‌లో కరెంటు తీసుకుని ఫ్రిజ్‌ను దాని మీదకు మారిస్తే ఇంకా ఎక్కువ రోజులు వస్తాయి.

బండలో ఎంత మిగిలిందో చూడడానికి మన ఇళ్లలో తడిగుడ్డ చుట్టి చూసే పద్ధతి ఇక్కడి స్టీలు బండలకూ పనికొస్తుంది. ద్రవం ఉన్నంత మేర తడి ఆలస్యంగా ఆరుతుంది.

చక్రాలమీద_ఇల్లు

మీరు విన్నది నిజమే, ఆ బూడిదరంగు బండలను జర్మనీ బయట సాధారణంగా మార్చి ఇవ్వరు. ఇన్ని దేశాలు తిరిగేవారికి నేను సూచించేది బంకులో నింపుకునే ట్యాంకు బండ. చూడడానికి మామూలు బండలాగే ఉంటుంది కానీ, 80 శాతం నిండగానే లోపలి కవాటం తనంతట తానే మూసుకుంటుంది. వేడికి ద్రవ గ్యాస్ నీటికంటే ఎన్నో రెట్లు వ్యాకోచిస్తుంది కనుక ఆ 20 శాతం ఖాళీ తప్పనిసరి. బూడిదరంగు బండకు ఆ కవాటం లేదు. ఇంటర్నెట్‌లో దొరికే అడాప్టరు బిగించి దానినే బంకులో నింపుకోమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినవద్దు. అది ప్రమాదకరం, జర్మనీలో నిషిద్ధం కూడా.

నింపే నాజిల్ దేశాన్ని బట్టి మారుతుంది. జర్మనీలో మరతో బిగించే ఆక్మే, ఫ్రాన్స్, ఇటలీలలో డిష్, స్పెయిన్‌లో యూరో నాజిల్, నెదర్లాండ్స్‌లో బయోనెట్. అడాప్టర్లన్నీ ఒక చిన్న పెట్టెలో పడతాయి, వాటి రబ్బరు వాషర్లు రెండేసి అదనంగా కొనుక్కోండి. బంకు బోర్డు మీద ఎల్‌పీజీకి ఫ్రాన్స్, ఇటలీలలో జీపీఎల్ అని, స్పెయిన్‌లో జీఎల్‌పీ అని ఉంటుంది. అడాప్టరు చేత్తో బిగించి, నాజిల్ తగిలించి, పంపు మీటను నొక్కి పట్టుకుని ఉండాలి. వేలు తీస్తే ఆగిపోతుంది. ఖాళీ 11 కిలోల బండలో సుమారు 21 లీటర్లు పడతాయి. ఆ దగ్గరకు వచ్చేసరికి పంపు శబ్దం మారి, అంకెలు నిలిచిపోతాయి. నాజిల్ విప్పేటప్పుడు కాస్త గ్యాస్ బుస్సుమని వస్తుంది. చర్మానికి తగిలితే మంచులా కాలుస్తుంది కనుక చేతికి తొడుగు ఉండాలి.

కొందరు బంకులవారు బండ నింపడానికి ఒప్పుకోరు. నింపే మూతిని వాహనం పక్క గోడకు బిగించుకుంటే ఈ పేచీ చాలావరకు తగ్గుతుంది. కార్ల గ్యాస్‌లో నూనె మడ్డి ఉంటుంది, అది రెగ్యులేటరును పాడు చేయకుండా ఫిల్టరు పెట్టించుకోండి. ఈ పని గుర్తింపు ఉన్న వర్క్‌షాపులోనే చేయించండి. 2025 జూన్ 19 నుంచి జర్మనీలో మోటర్‌హోమ్‌ల గ్యాస్ తనిఖీ రెండేళ్లకోసారి తప్పనిసరి అయింది, కొత్త అమరిక అందులో నెగ్గాలి.

దక్షిణ_తీరం

పై సలహాతో దాదాపు ఏకీభవిస్తాను కానీ, రెండు బండలనూ మార్చవద్దంటాను. ఒకటి ట్యాంకు బండ పెట్టి, రెండోది నిండు బూడిదరంగు బండగానే ఉంచి, దానిని కదిలించకుండా ఆపద్ధర్మంగా దాచుకోండి. ట్యాంకు బండలు ఖరీదైనవి. స్పెయిన్‌లో ఒకేచోట నెలల తరబడి ఉండేవారికి రెండు అవసరమే లేదు.

స్పెయిన్‌లో ఎక్కడ చూసినా కనిపించే 12.5 కిలోల నారింజరంగు బండ మీద ఆశ పెట్టుకోకండి. అధికారికంగా అది డీలరుతో ఒప్పందం రాసుకుని తీసుకునేది, దారిన పోయేవారికి అంత సులువుగా ఇవ్వరు. పైగా అందులో ఉండేది ప్రొపేన్ కాదు, బ్యూటేన్ అనే మరో రకం గ్యాస్. సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్ మాత్రం మైనస్ 42 వరకు ఆవిరి అవుతుంది. తీరంలో బ్యూటేన్ చక్కగా మండుతుంది. అదే బండతో అక్కడి సియెర్రా నెవాడా కొండలు ఎక్కి రాత్రి బస చేస్తే, సగం నిండి ఉన్నా హీటరు ఆరిపోతుంది. దక్షిణ ఐరోపా బంకుల గ్యాస్‌లోనూ బ్యూటేన్ పాలు ఎక్కువ ఉండవచ్చు. అందుకే మార్చిలో ఆల్ప్స్ వైపు తిరిగే ముందు ఆ గ్యాస్‌ను వంటకు ఖర్చు చేసి, చలి ప్రాంతంలో తిరిగి నింపుకోవడం మేలు.

చివరి దారిగా 2.75 కిలోల నీలం క్యాంపింగ్‌గాజ్ 907 బండ చాలా దేశాల్లో దొరుకుతుంది. కిలో లెక్కన చూస్తే కళ్లు తిరిగే ధర, అదీ బ్యూటేనే. పరాయి దేశపు బండను మీ రెగ్యులేటరుకు కలిపే యూరో సెట్ అనే అడాప్టర్ల పొట్లం కూడా దగ్గర ఉంచుకోండి. నింపే అడాప్టర్లు వేరు, ఇవి వేరు.

మ్యూనిక్_బాటసారి

అందరికీ ధన్యవాదాలు. ఒకటి ట్యాంకు బండ, ఒకటి మామూలు బండ అన్న మాట మాకు నచ్చింది. నార్వే సంగతి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది. జర్మనీ ఉత్తర తీరంలోని కీల్ నుంచి ఓస్లోకు ఫెర్రీలో (వాహనాలను ఎక్కించుకునే ఓడలో) వెళ్దామనుకుంటున్నాము.

చక్రాలమీద_ఇల్లు

నార్వేలో గ్యాస్ నింపే చోట్లు ఉన్నాయి కానీ, ఉత్తరానికి పోయేకొద్దీ దూరం దూరంగా ఉంటాయి. మీరు వెళ్లేది వేసవిలో కనుక ఏలూరు_ఇంజనీరు గారి లెక్క ప్రకారం వంటకూ ఫ్రిజ్‌కూ రోజుకు అర కిలో చాలు. కీల్‌లో ఓడ ఎక్కే ముందు ట్యాంకు బండ నింపుకుని, మామూలు బండ వాడి ఉంటే మార్చుకుంటే, ఆరు వారాలు నిశ్చింతగా తిరగవచ్చు.

ఓడలో రెండు బండల కవాటాలూ మూసి ఉంచాలి. ఇంజను ఆగి ఉన్నప్పుడు ఫ్రిజ్‌ను 12 వోల్టుల మీద వదిలేస్తే బ్యాటరీ ఖాళీ అయిపోతుంది. ఫ్యోర్డుల (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల) మీది అరగంట ఫెర్రీలకు ఫ్రిజ్ ఆపేస్తే సరిపోతుంది. కీల్–ఓస్లో ప్రయాణం మాత్రం సుమారు ఇరవై గంటలు, మధ్యలో వాహనం దగ్గరకు వెళ్లనివ్వరు. అందుకని ముందు రోజే రెండు నీళ్ల సీసాలు గడ్డకట్టించి ఫ్రిజ్‌లో పాలు, పెరుగు పక్కన పెట్టి, తలుపు తీయకుండా ఉంచండి.