గంటల తేడా నేరుగా అడగాలా, సెకన్లు తీసి భాగించాలా?

రిపోర్టుల_కూలీ:
మా టీంలో రెండు రోజులుగా ఇదే గొడవ. కంప్లయింట్ వచ్చిన టైమ్, మూసిన టైమ్ టేబుల్లో ఉన్నాయి. ఎన్ని గంటలు పట్టిందో రిపోర్టులో చూపాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లో రెండు టైమ్‌ల తేడా చెప్పే డేట్‌డిఫ్ ఫంక్షన్‌కి ‘అవర్’ ఇచ్చి ఊరుకున్నాను. 10:59కి వచ్చి 11:01కి మూసినది 1 గంట అంటోంది. 10:01కి వచ్చి 10:58కి మూసినది 0. ఇది బగ్గా, నా తప్పా?

సెకన్ల_ముల్లు:
బగ్ కాదండీ. ఆ ఫంక్షన్ గడిచిన కాలాన్ని కొలవదు, మధ్యలో గంట అంకె ఎన్నిసార్లు మారిందో లెక్కపెడుతుంది. 2023 డిసెంబర్ 31కీ 2024 జనవరి 1కీ మధ్య ‘ఇయర్’ అడిగి చూడండి, 1 అంటుంది. రిపోర్టులు తయారుచేసే పవర్ బీఐలో, దాని ఫార్ములా భాష డాక్స్‌లో ఉన్న డేట్‌డిఫ్‌దీ ఇదే పద్ధతి. సెకన్లలో తేడా తీసి 3600.0తో భాగించండి. ఆ ‘పాయింట్ సున్నా’ మరిచిపోతే దశాంశాలు ఎగిరిపోయి మళ్లీ మొదటికే వస్తారు. రౌండ్ చేసేది చివర్లో, చూపించేటప్పుడే.

గట్టు_మీద_మనిషి:
అందరూ ఆ ఫంక్షన్‌ని తిట్టేవాళ్లే. సగటు కావాలంటే అది అంత చెడ్డదేం కాదు. కంప్లయింట్లు గంటలో ఏ నిమిషానికైనా సమానంగా వస్తాయనుకోండి. 20 నిమిషాల పని మూడుసార్లలో ఒకసారి గంట మారే చోటు దాటుతుంది. అంటే రెండుసార్లు 0, ఒకసారి 1. సగటు సరిగ్గా 20 నిమిషాలే! మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లో ఇదే పనికి వాడే టైమ్‌స్టాంప్‌డిఫ్ నిండిన గంటలే లెక్కిస్తుంది కాబట్టి ఆ 20 నిమిషాల పనికి ఎప్పుడూ 0. ఏది పెద్ద అబద్ధం?

సెకన్ల_ముల్లు:
ఈ సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటాను. కానీ సమానంగా ఎక్కడ వస్తాయి? రోజూ 10:55కి మొదలయ్యే 10 నిమిషాల జాబ్ ఏడాదంతా 1 గంటే చూపిస్తుంది. పైగా ఆయనకి కావలసింది ఒక్కో కంప్లయింట్ లెక్క. గడువు 4 గంటలనుకోండి. 10:00 నుంచి 14:59 దాకా పట్టినది 4 అని పాసైపోతుంది. 10:59 నుంచి 15:01 దాకా పట్టినది 5 అని ఫెయిలవుతుంది. దాదాపు గంట ఆలస్యమైనవాడు గట్టెక్కాడు, 2 నిమిషాలు ఆలస్యమైనవాడు దొరికిపోయాడు.

రాత్రి_షిఫ్ట్:
సెకన్లైనా సరే, స్థానిక టైమ్‌లో దాచి ఉంటే గోవిందా. ఐరోపాలో అక్టోబర్ చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు. అప్పుడు నడిచిన 90 నిమిషాల పని 30 నిమిషాలని వస్తుంది. చిన్న పనైతే మైనస్ కూడా రావచ్చు. ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ టైమ్‌లో దాచండి, చూపించేటప్పుడు మార్చుకోండి.

గట్టు_మీద_మనిషి:
గడువు దగ్గర ఓడిపోయాను. రోజుల లెక్కలో మాత్రం వదలను. రాత్రి 11:50కి వచ్చి పొద్దున 9కి మూసినదాన్ని జనం ‘మర్నాడు మూశారు’ అంటారు, ‘0.38 రోజుల్లో’ అనరు.

రిపోర్టుల_కూలీ:
సెకన్లకి మార్చాను. 1.5 అని చూపిస్తే ‘గంటా ఐదు నిమిషాలా?’ అన్నారు మేనేజర్ గారు. ఇక 1:30 అని పెట్టాను. ఎక్సెల్లోకి దించి మొత్తం కూడితే 24 దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతోంది!

సెకన్ల_ముల్లు:
ఫార్మాట్‌లో గంటల అక్షరం ‘h’ చుట్టూ చదరపు బ్రాకెట్లు పెట్టండి, 24 దాటినా పెరుగుతూనే పోతుంది. ఇంకా కచ్చితంగా కావాలని మిల్లీసెకన్లకి మాత్రం వెళ్లకండి. తేడా 24 రోజుల 20 గంటల పైచిలుకు దాటితే డేట్‌డిఫ్ ఎర్రర్ కొడుతుంది. తప్పదంటే ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 వెర్షన్ నుంచి పెద్ద సంఖ్యలు పట్టే డేట్‌డిఫ్_బిగ్ ఉంది.

రిపోర్టుల_కూలీ:
రెండు నెలలుగా మూయని కంప్లయింట్లు మా దగ్గర బోలెడు. నిన్న రాత్రి మిల్లీసెకన్లే రాసి పడుకున్నాను. ఇప్పుడే లేచి తీసేస్తున్నా.